పుణ్యవతి వదిన సైకిలు

మా పెద్దవదిన పుణ్యవతి సైకిల్ని చూసి నవ్వనివాళ్ళు నందపూర్‌లో లేరు. ముందు పెద్ద చక్రం, వెనక పిల్లల సైకిలుకుండే చిన్న చక్రం. గోడకి ఆనించి పెట్టినా కూర్చోబోతున్న కుక్కలా ఉండేది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు? నవ్వినవాళ్ళలో చాలామందికి అదలా ఎందుకు తయారైందో తెలీదు. తెలిసినవాళ్ళు చివరికేమైందో చెప్పరు. చెబితే మా ఇంటి మగవాళ్ళ పేర్లు వస్తాయి మరి. నేను ఆ ఇంటి ఆడపడుచుని, ఇద్దరన్నలకీ చెల్లెల్ని. నాకా మొహమాటం లేదు.

మా తాత విజయనగరం వైపు నుంచి ఉప్పు బస్తాలతో ఈ కొరాపుట్ కొండల మీదకి వచ్చాడట. నాన్న పోయాక అన్నలిద్దరూ పంచుకున్నారు. నందపూర్ బజారులో కొట్టు చిన్నన్నయ్య ప్రసాద్‌కి వచ్చింది. డుమురిపదర్ సంత పెద్దన్నయ్య మన్మథరావుకి వచ్చింది. సంత వాటాకి రావడమేమిటంటే, సంతలో జాగా అన్నమాట. డుమురిపదర్ మా ఊరికి పైన, కొండ ఎక్కితే వస్తుంది. అక్కడ పనసచెట్టు మొదట్లో, బావికి వెళ్ళే దారి పక్కన, నాన్న రోజుల నుంచీ మా బరకం పరిచే చోటుంది. సూదులు, దారాలు, దువ్వెనలు, పూసలు, అద్దాలు, సబ్బులు పెడతాం. కొండవాళ్ళు, అంటే దేశియా ఆడవాళ్ళు, వలిసెలనే నూనెగింజలో, చోళ్ళనే రాగులో తెచ్చి పోసి, కావలసింది పట్టుకెళ్తారు.

ఆ జాగాకి పట్టా లేదు, కాగితం లేదు. సంత సోమవారం. ఆ పొద్దున్న ఎవరి బరకం పరిచి ఉంటే వాళ్ళదే. ఖాళీగా కనబడిన చోట ఎవడైనా బరకం పరిచి, పొద్దు వాలేదాకా కూర్చుని బేరం చేశాడంటే, ఇక వాణ్ణి లేపే ఆచారం లేదు. అన్నైనా తమ్ముడైనా అంతే. అందుకే పెద్దన్నయ్య పెళ్ళిళ్ళు మానేశాడు, పురుళ్ళు మానేశాడు గాని సోమవారం మాత్రం మానలేదు. దామంజోడి నుంచి బదిలీ అయి వెళ్ళిపోతున్న ఎవరో ఇంజనీరు దగ్గర ఓ గేర్ల సైకిలు కొన్నాడు. లావు టైర్లు, తిన్నని హ్యాండిలు, కొండలెక్కడానికే చేసిన బండి. దానికి క్యారేజీ వెల్డింగు చేయించుకుని, మూటలు కట్టుకుని ఎక్కిపోయేవాడు. మనిషి తాడిచెట్టంత ఉంటాడు కనక ఆ సైకిలు అతనికి సరిగ్గా సరిపోయేది.

తొంభై తొమ్మిది వానాకాలంలో అన్నయ్యకి మలేరియా వచ్చి మెదడుకెక్కింది. కొరాపుట్ ఆసుపత్రిలో పెట్టాం. ప్రాణం దక్కింది గాని కుడి కాలూ కుడి చెయ్యీ పట్టు తప్పాయి. నిలబెడితే తూలిపోయేవాడు. అదృష్టం బాగుండి ఆ వానలకి గెడ్డ పొంగి కొన్ని సంతలు అసలు కూడనే లేదు. వానలు తగ్గాయని తెలిసిన దగ్గర్నుంచీ అన్నయ్యకి అన్నం సయించలేదు. "జాగా పోతాది, జాగా పోతాది" అదే జపం. జబ్బు కన్నా ఆ బెంగే మనిషిని ఎక్కువ తినేసేది.

ప్రసాదన్నయ్య వచ్చాడు. అతనికప్పటికే మోపెడ్ ఉంది. అన్నయ్య జబ్బుకి ముందే, కొట్టులో మిగిలిన ప్లాస్టిక్ బకెట్లు పట్టుకెళ్ళి అదే సంతలో ఎండలో అమ్మడం మొదలుపెట్టాడు.

"అన్నియ్యా, నువ్వు లెగిసీదాకా నాను కూకుంటాను పనసచెట్టు కింద. బయటోడు దూరిపోతే మనకే కదేటి నష్టం?" అన్నాడు మంచం పక్కన కూర్చుని.

వంటింట్లోంచి వదిన గొంతు వచ్చింది. "మీ అన్న లెగిసినాక నువ్వు లెగుస్తావేటి మరిదీ?"

ప్రసాదన్నయ్య మొహం మాడిపోయింది. పెద్దన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. నాకు మాత్రం కడుపు నిండినట్టయింది, ఎందుకంటే నేను అడుగుదామనుకున్నదీ అదే. మంచివాడే ప్రసాదన్నయ్య, చేతికి దొరికింది వదలడు, అంతే.

వదినే సంతకి వెళ్తానంది. జీపు నిండితేగాని కదలదు, అది చేరేసరికి సంత సగమైపోతుంది. నడిచి వెళ్దామంటే అన్నయ్యకి స్నానం చేయించి, ముద్దలు తినిపించి బయల్దేరేసరికే ఆలస్యం. మిగిలింది సైకిలు. గుణుపురంలో చిన్నప్పుడు వాళ్ళ నాన్న సైకిలు కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కేదట. ఆ ధైర్యంతో పెరట్లో ఎక్కబోయింది. ఆవిడ అన్నయ్య భుజం దాకా కూడా రాదు. సీటు పూర్తిగా దించినా కాళ్ళు నేలకందక పక్కకి పడి, మోచెయ్యి గీరుకుంది. అరుగు మీంచి అన్నయ్య చూస్తున్నాడు.

"నీవల్ల కాదు పుణ్యా. ఒగ్గీ" అన్నాడు.

వదిన సైకిల్ని నడిపించుకుంటూ బజారు చివర సన్యాసయ్య షాపుకి తీసుకుపోయింది. నేనూ వెంట వెళ్ళాను. సన్యాసయ్య మా నాన్న నాటి సైకిలు మెకానిక్కు. చెయ్యి నిదానం, నోరు జోరు.

"సీటు ఇంకా దిగదేటి?" అనడిగింది వదిన.

"అడుగంటీసింది. ఇంక దించాలంటే నిన్ను సాగదీయాల" అన్నాడు.

"నన్నెలా సాగదీస్తావు? సైకిల్ని పొట్టి సెయ్యి."

ముసలాయన బీడీ పక్కన పెట్టి ఆవిణ్ణీ సైకిల్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత చూరుకి వేలాడుతున్న పిల్లల సైకిలు రిమ్మొకటి దించాడు. వెనక చక్రం విప్పి, గేర్లున్న నడిమి హబ్బుని వేరు చేసి, పొట్టి స్పోకు పుల్లలతో ఆ చిన్న రిమ్ముకి అల్లాడు. బెండు తీయడానికే పూటంతా పట్టింది. బిగించాక సైకిలు వెనక్కి జారగిలబడింది. సీటు ముక్కు ఆకాశం చూసింది, దాన్ని వంచాడు. పెడలు నేలకి దగ్గరైంది, రాయి కనబడితే పెడలు పైకి పెట్టుకోమన్నాడు. వదిన ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ నేల మీద ఆనాయి. ఆవిడ మొహంలో అప్పుడు చూసిన సంతోషం పెళ్ళిపీటల మీద కూడా నేను చూడలేదు.

ఒకటే తేడా వచ్చింది. వెనక బ్రేకు రబ్బర్లు పాత రిమ్ము ఎత్తులో ఉన్నాయి, కొత్తదానికి అందలేదు. సన్యాసయ్య వాటిని ఊడదీసి చేతిలో పెట్టి, "ముందుది ఉన్నాది కదా, సాల్దా" అన్నాడు. అని, అలవాటు చొప్పున ముందు బ్రేకు తీగని కాస్త వదులు చేశాడు. మా వైపు ఏ మెకానిక్కైనా ఆడవాళ్ళకీ పిల్లలకీ సైకిలు ఇచ్చేటప్పుడు చేసే పనే అది. ముందు బ్రేకు గట్టిగా పడితే సైకిలు పల్టీ కొడుతుందని భయం. మనిషి మీద దయతోనే చేశాడు. ఆ సైకిలుకి ఇక ఉన్నదే ముందు బ్రేకని ఆ క్షణంలో ఆయన చేతికి గుర్తు లేదు. పక్కనే నిలబడ్డ మాకూ తట్టలేదు.

సోమవారం తెల్లవారుతుండగా వదిన చీర గోచీలా దోపుకుని బయల్దేరింది. కొండ ఎక్కడం తేలికైందట. చిన్న చక్రం కావడంతో చదును మీద ఎంత తొక్కినా కదిలేది కాదు గాని, ఎత్తులో మాత్రం నిదానంగా లాక్కుపోయేది. మూటలన్నీ వెనకే కట్టడంతో హ్యాండిలు తేలిపోయి అటూ ఇటూ కొట్టుకుంటే, దిగి సబ్బుల సంచి తీసి హ్యాండిలుకి వేలాడదీసింది. పనసచెట్టు మొదట్లో మా బరకం పరిచి కూర్చుంది. ప్రసాదన్నయ్య ఎండలో బకెట్ల మధ్య నిలబడి చూశాడట.

ప్రమాదం సాయంత్రం జరిగింది. వెళ్ళేటప్పుడు సూదులూ దువ్వెనలూ, వచ్చేటప్పుడు వలిసెల బస్తా. వాలులో బరువు తోసేస్తుంటే వదిన బ్రేకు నొక్కింది. హ్యాండిలుదాకా నొక్కుకుపోయింది గాని సైకిలు ఆగలేదు. రెండు కాళ్ళూ నేలకేసి రాసింది. చెప్పులు తెగాయి, మడమలు చీరుకుపోయాయి. మలుపు దగ్గర లోయ కనబడి, ఇక తప్పక సైకిల్ని కొండగట్టుకేసి కొట్టింది. బస్తా పగిలి వలిసెలు దారంతా పోయాయి.

వెనకే సంత నుంచి వస్తున్న గురుబారి అనే దేశియా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. ఏళ్ళ తరబడి అన్నయ్య దగ్గర దువ్వెనలు కొన్న మనిషి. వలిసెలు కొంగులోకి ఎత్తి, వదిన మడమలకి ఏదో ఆకు నూరి కట్టి, "సావుకార్నీ, ఇలా దిగుతారా ఎవరైనా?" అని తిట్టింది. ఆకులున్న పెద్ద కొమ్మొకటి నరికి తాడుతో క్యారేజీకి కట్టింది. కొమ్మ నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంటే సైకిలు అదుపులో ఉంటుంది. కట్టెలు మోసే కొండవాళ్ళు సైకిళ్ళు దింపేది అలాగేనట. ఆ సాయంత్రం వదిన వెనక కొమ్మ ఈడ్చుకుంటూ, దుమ్ము రేపుకుంటూ బజారులోకి దిగింది. జనం బయటికొచ్చి చూశారు. ఆవిడ నేరుగా సన్యాసయ్య దగ్గరికి పోయి చీరుకుపోయిన మడమలు చూపించి, నాకు తెలిసిన తిట్లూ తెలియని తిట్లూ తిట్టింది. ఆయన నోరు తెరవకుండా ముందు బ్రేకు బిగించాడు.

ఆ తర్వాత ఒక్క సోమవారం తప్పలేదు. చలిలో, ఎండలో, మళ్ళీ వానల్లో బురదలో కూడా వెళ్ళింది. ఎర్రమట్టి అంటిన చీరలతో వచ్చే ఆవిణ్ణి చూసి మా బంధువులు మూతులు తిప్పుకున్నారు. కోమటింటి ఆడది సైకిలెక్కి కొండలు తిరగడమేమిటని మా పిన్ని ఒకావిడ నా దగ్గర సాగదీసింది. నేను ఆవిడ మనవడి నడత గురించి అడిగాను. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మొదట్లో వదిన ఇంటికి రాగానే అన్నయ్యకి పూస గుచ్చినట్టు అన్నీ చెప్పేది. ఎవరొచ్చారు, ఏమడిగారు, వలిసెలెంత తడిగా ఉన్నాయి. అన్నయ్య దానికోసమే పొద్దుటినుంచీ కనిపెట్టుకుని ఉండేవాడు. దువ్వెనలు సన్నపళ్ళవి పెట్టమనేవాడు, పచ్చపూసలు పైకి పెట్టమనేవాడు. రెండో ఏడు వచ్చేసరికి వదినకి తన లెక్కలు తనకేర్పడ్డాయి. పచ్చపూసలు మానేసి రిబ్బన్లు తెచ్చింది. కొండభాషలో బేరాలాడి, వెటకారాలాడి, నవ్వించడం నేర్చుకుంది. అన్నయ్య అడిగితే "బాగానే అయింది" అని ఊరుకునేది. సోమవారం వస్తోందంటే ఆవిడ నడక మారిపోయేది. నేను కనిపెట్టాను. అన్నయ్యా కనిపెట్టే ఉంటాడు.

అన్నయ్య కోలుకున్నాడు. కర్ర వదిలేశాడు. చెయ్యి పూర్తిగా రాకపోయినా, కాలు కాస్త ఈడుస్తున్నా, పెరట్లో తిరిగేవాడు. ఒకరోజు నన్ను పిలిచి, సన్యాసయ్య దగ్గర పాత పెద్ద రిమ్ము ఉందో లేదో కనుక్కోమన్నాడు. నాకు సంబరమే అయింది. వదిన కష్టం గట్టెక్కిందనుకున్నాను. ఆ మాటే ఆవిడతో అన్నాను.

వదిన చేస్తున్న పని ఆపి, అన్నయ్య దగ్గరికి వెళ్ళింది.

"ఆ సెక్రం మార్చకండి. కొండ మీరింకా ఎక్కలేరు" అంది.

"నాను ఎక్కీ కొండే. నా సైకిలు, నా సంత. ఇన్నాళ్ళు నీ సేత కట్టం సేయించేను సాలు."

"నాకు కట్టంగా లేదండి."

ఇంట్లో ఆ మాట ఎవరూ వినలేదు. విన్నా, మొగుడి మీద జాలితో అందనుకున్నాం. అన్నయ్య మొహం మాత్రం నల్లబడింది. అందరం ఆయన పక్కే మాట్లాడాం. మగవాడు మళ్ళీ తన కాళ్ళ మీద నిలబడుతుంటే భార్య అడ్డుపడుతుందా అన్నాం. సన్యాసయ్య వచ్చి చిన్న చక్రం విప్పేసి, హబ్బు తిరిగి పెద్ద రిమ్ముకి అల్లి, వెనక బ్రేకు పెట్టాడు. సైకిలు మళ్ళీ మామూలు సైకిలైంది. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఎక్కడానికి ప్రయత్నించలేదు. ఆవిడకి అందదని ఆవిడకి తెలుసు.

సోమవారం తెల్లవారుజామున అన్నయ్య బయల్దేరాడు. వీధి చివరిదాకా బాగానే తొక్కాడు. వదిన గుమ్మంలోంచి కదల్లేదు. పొద్దెక్కింది, వంటైంది. మధ్యాహ్నం అన్నయ్య సైకిల్ని తోసుకుంటూ తిరిగొచ్చాడు. మూటలు విప్పనే లేదు. కొండ సగం కూడా ఎక్కలేకపోయాడు. కుడికాలు లాగేసి రోడ్డు పక్కన రాయి మీద కూర్చుండిపోయాడట. అరుగు మీద కూలబడి నీళ్ళడిగాడు. మేమే పంపాం కదా అనిపించింది.

సాయంత్రం ప్రసాదన్నయ్య మోపెడ్ మీద వచ్చాడు. చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"పొద్దున్నంతా సూసేనన్నియ్యా. ఎవలూ రానేదు. సెమిలిగుడ నుంచొచ్చిన ఒకడు పనసచెట్టు కేసి మూట లాగుతున్నాడు. ఇంక నానే నా బరకం పరిచీసేను. పొద్దు కుంకీదాకా ఉన్నాను."

మా అందరికీ ఆచారం తెలుసు. వచ్చే సోమవారం ఆ చోటు ఇతనిదే, లేవమనే హక్కు మాకు లేదు. వదిన అన్నయ్య వైపు చూసింది. ఆయన కోపం తెచ్చుకుంటాడని, కనీసం రెండు మాటలు అడుగుతాడని ఆవిడతో పాటు నేనూ ఎదురుచూశాను.

అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు. "పోన్లే. మనోడే కదా" అన్నాడు.

ఆ మూడు ముక్కలకి వదిన ఆ గ్లాసు తీసుకుంది. "మీకు తమ్ముడు. నాకు నా జాగా పోనాది" అని లోపలికి వెళ్ళిపోయింది. 'నా జాగా' అని ఆవిడ నోటివెంట వినడం అదే మొదలు.

మర్నాడు సన్యాసయ్య దగ్గరికి వెళ్ళి చిన్న చక్రం మళ్ళీ వేయమంది. ఆయన దాన్ని అప్పటికే ఎవరి పిల్లాడి సైకిలుకో బిగించేశాడు. కొరాపుట్ నుంచి తెప్పిస్తాను, ఆగమన్నాడు. వదిన ఆగలేదు. మళ్ళీ సోమవారం మూట నెత్తిన పెట్టుకుని నడిచి బయల్దేరింది. ఆవిణ్ణి ఒక్కదాన్ని పోనివ్వలేక నేనూ వెంట వెళ్ళాను.

మేం చేరేసరికి సంత నిండుగా ఉంది. పనసచెట్టు కింద ప్రసాదన్నయ్య నీలం బరకం మీద బకెట్లతో పాటు దువ్వెనలూ రిబ్బన్లూ కూడా ఉన్నాయి. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"ఒదినా, నా పక్కన కూకో. సగం సోటు నీకిస్తాను" అన్నాడు. నిజంగానే అన్నాడు, నేను కాదనను.

"ఇచ్చే సోటు నాకొద్దు మరిదీ" అని వదిన ముందుకి నడిచింది. కుండలమ్మేవాళ్ళ అవతల, ఎండలో, కాస్త చోటు దొరికితే అక్కడ బరకం పరిచింది. అద్దాలు వరసగా పేర్చింది. రిబ్బన్లు రాయి మీద ఆరేసింది. నేను పక్కన కూర్చుని, "ఏం ఫరవాలేదు వదినా, నిన్ను ఎరిగినవాళ్ళంతా వెతుక్కుంటూ వస్తారు" అన్నాను. ఆవిడ చిన్నగా నవ్వింది. ఆ మాట నమ్మింది, కళ్ళలో తెలిసింది.

కాసేపటికి గురుబారి కనబడింది. నెత్తిన వలిసెల బుట్ట. వదిన చెయ్యి ఊపింది. గురుబారి నేరుగా మా దగ్గరికి వచ్చి, బుట్ట దించి, వదిన భుజం మీద చరిచి నవ్వింది. పోయిన వారం రాలేదేమని అడిగింది. సైకిలేదని అడిగింది. నడిచి వచ్చామంటే నొచ్చుకుని, నుదుటిమీద చెయ్యి పెట్టుకుంది. మొగుడి కాలెలా ఉందో అడిగింది. చాలాసేపు కూర్చుంది. వదిన అద్దం చూపించింది, కొత్త దువ్వెన చూపించింది. గురుబారి వాటిని చేత్తో తాకి, బాగున్నాయంది. తర్వాత లేచి, బుట్ట నెత్తిన పెట్టుకుని, వెళ్ళొస్తానని తలూపి, తిన్నగా పనసచెట్టు కిందకి వెళ్ళింది. ప్రసాదన్నయ్య బరకం ముందు కూర్చుని వలిసెలు పోసింది. రెండు దువ్వెనలు ఏరుకుంది.

ఆవిడలో దాపరికం లేదు, తప్పు చేస్తున్నానన్న బెరుకు లేదు. దువ్వెన కొనేది అక్కడే. వాళ్ళమ్మ కూడా అక్కడే కొని ఉంటుంది. ఆవిడ వెనకే ఇంకొకరు వచ్చారు, వదినని పలకరించి నవ్వి, వాళ్ళూ అక్కడికే వెళ్ళారు. పొద్దు వాలేదాకా మా ముందు కూర్చున్నవాళ్ళున్నారు గాని, బుట్ట దించి పోసినవాళ్ళు లేరు.

మూట కట్టుకుని దిగుతున్నప్పుడు నాకు కోపం ఆగలేదు. కొమ్మ కట్టినప్పటి ప్రేమ ఏమైపోయింది, ఎంత విశ్వాసం లేని మనుషులు అని గురుబారిని నోటికొచ్చినట్టు అన్నాను. వదిన మలుపు దగ్గర ఆగింది. మూట దించి గట్టు మీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ మనిసి తప్పేటీ లేదు నాగశ్రీ" అంది. "నన్ను సూసే వస్తన్నారనుకున్నాను, ఇన్నాళ్ళూ."